రెండో కాటా మీద కూడా అదే తూకం రావాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చెబుతున్న అధ్యాపకులకు నమస్కారం.

నేను ఒంగోలులో పుట్టి, నెల్లూరులో బీటెక్ చదివినదాన్ని. కొన్నేళ్లు బెంగళూరులో పనిచేసి తిరిగొచ్చేశాను. ఇప్పుడు నెల్లూరులో ముగ్గురం కలిసి రైస్ మిల్లులకు, రొయ్యలు కొనేవాళ్లకు తూకం, బిల్లింగ్ ప్రోగ్రాములు రాసిస్తుంటాం. మాది పెద్ద కంపెనీ కాదు. కానీ మా ప్రోగ్రాం వేసిన అంకెను బట్టే రైతుకు డబ్బు చేతికొస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఇప్పుడు ఏ ప్రాజెక్టు తీసుకున్నా అందులో మనిషి రాసిన కోడ్ కొంత, యంత్రం రాసిపెట్టిన కోడ్ కొంత ఉంటుంది. ఆ యంత్రం రాసే కోడ్, ఎవరి కంప్యూటర్లో రాయించినా, ఏ రోజు రాయించినా, ఎన్నిసార్లు రాయించినా అక్షరం తేడా లేకుండా ఒకేలా రావాలి. ఆ అలవాటు మీ ల్యాబుల్లోనే పిల్లలకు పడాలి. నాకు అది పడలేదు. దాని ఖరీదు ఎంతో ఒక రైతు ముందు నిలబడ్డప్పుడు తెలిసింది.

కోవూరు వైపు ఒక మిల్లుకు మా ప్రోగ్రాం నడుస్తుంది. అక్కడ రెండు కంప్యూటర్లు. ఒకటి కాటా గదిలో, ఒకటి ఆఫీసులో. వడ్ల ట్రాక్టర్ వస్తుంది, లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి కాటా మీదికెక్కుతుంది. కాటా గది కంప్యూటర్ చీటీ కొడుతుంది. బండి నంబరు, తూకం, తేమ, వడ్ల రకం అందులో ఉంటాయి. అవే వివరాలు ఆఫీసు కంప్యూటర్‌కూ వెళ్తాయి. అయితే రకం పేరు వెళ్లదు, దాని నంబరు మాత్రమే వెళ్తుంది. ఏ నంబరు ఏ రకమో రెండు ప్రోగ్రాముల్లోనూ ఒక పట్టిక ఉంటుంది కాబట్టి నంబరు చాలుననుకున్నాం.

ఆ పట్టికను చేత్తో రాయలేదు. ఒక్కో రకానికీ ఒక్కో చిన్న ఫైల్ ఉండేది. దాని పేరు, తేమకు ఎంత తరుగు తీయాలి వగైరా. పైథాన్‌లో ఒక చిన్న స్క్రిప్ట్ ఆ ఫైళ్లన్నీ చదివి, జావా సోర్స్ ఫైల్ ఒకటి తయారుచేసేది. బిల్డ్ చేసిన ప్రతిసారీ, అంటే సోర్స్ కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాం తయారుచేసిన ప్రతిసారీ, మొదట ఆ స్క్రిప్ట్ నడుస్తుంది, తర్వాత కంపైలర్ నడుస్తుంది. స్క్రిప్ట్ రాసింది నేనే. ఒకే పేరు రెండు ఫైళ్లలో ఉంటే రెండుసార్లు రాకూడదని పేర్లన్నిటినీ ఒక సెట్‌లో, అంటే ఒక పేరును ఒక్కసారే ఉంచుకునే సంచిలాంటిదాంట్లో, వేశాను. ఆ సెట్ మీద లూప్ తిప్పి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేశాను. మొత్తం ముప్పై లైన్లు కూడా ఉండదు.

రెండేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. రెండు ప్రోగ్రాములనూ ఒకే బిల్డ్‌లో తయారుచేసి, ఒకేసారి మిల్లులో పెట్టేవాళ్లం కాబట్టి. రబీ కోతల్లో ఒకరోజు మిల్లు గుమాస్తా ఫోన్ చేసి, చీటీ మీద అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయి, పెద్దవాళ్లకు కనపడటం లేదు, కాస్త పెద్దవి చేయమన్నాడు. న్యాయమైన మాట. అక్షరాల సైజు మార్చి, కాటా గది ప్రోగ్రాం ఒక్కటే బిల్డ్ చేసి పంపించాను. ఆఫీసు ప్రోగ్రాం జోలికి పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ ఫోన్. నేను వెళ్లేసరికి ఆఫీసు గది ముందు ఒక పెద్దాయన రెండు కాయితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎడం చేతిలో కాటా చీటీ, కుడి చేతిలో బిల్లు. "ఏందమ్మా ఇది? నేను తోలింది నెల్లూరు మసూరి. చీటీలో సక్రమంగానే ఉంది. బిల్లులో ఇంకో పేరు పడిందే! రేటు కూడా దానిదే వేశారు" అన్నాడు. కోపంగా అనలేదు. రెండు కాయితాలనూ పక్కపక్కనే బల్ల మీద పెట్టి, నేను చదివేదాకా వేళ్లతో నొక్కి పట్టుకున్నాడు. నేను పెద్దవి చేసిన అక్షరాల్లోనే చీటీ మీద నెల్లూరు మసూరి రకం పేరు, ఎన్‌ఎల్‌ఆర్ 34449 అని ఉంది. బిల్లు మీద ఆర్‌ఎన్‌ఆర్ 15048 అని ఉంది. ఆ పూట అలాంటి బిల్లులు పదకొండు తేలాయి. పదకొండూ చేత్తో తిరగరాశాం.

ఆ రాత్రి సోర్స్ అంతా వెతికాను. కోడ్‌లో ఏ మార్పు ఎప్పుడు చేశామో దాచిపెట్టే గిట్‌లో చూస్తే రెండు బిల్డ్‌ల మధ్య మారింది అక్షరాల సైజు లైన్ ఒక్కటే. ఇంకేమీ లేదు. రకాల ఫైళ్లు మారలేదు, స్క్రిప్ట్ మారలేదు, పైథాన్ వెర్షన్ మారలేదు. నిజంగా భయమేసింది. కోడ్ మారకుండా ప్రోగ్రాం ప్రవర్తన ఎలా మారుతుంది? మర్నాడు ఆఫీసు కంప్యూటర్‌లోంచి పాత జార్ ఫైల్ (కంపైల్ అయిన జావా ప్రోగ్రాం మూట) తెచ్చి, కొత్తదాన్నీ విప్పి, రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూశాను. పేర్లన్నీ ఉన్నాయి, నంబర్లన్నీ ఉన్నాయి, వరుస మాత్రం వేరు. పాతదాంట్లో 3 అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048. కొత్తదాంట్లో 3 అంటే ఎన్‌ఎల్‌ఆర్ 34449. బీపీటీ 5204 ఒకదాంట్లో మొదట ఉంది, ఇంకోదాంట్లో చివరికి పోయింది. అదే స్క్రిప్ట్‌ను నా ల్యాప్‌టాప్‌లో వరసగా ఐదుసార్లు నడిపాను. ప్రతిసారీ వరుస మారింది.

పైథాన్‌లో సెట్‌కు వరుస ఉండదని చదువుకున్నాను. పరీక్షలో రాశాను కూడా. కానీ ప్రతిసారి నడిపినప్పుడూ మారుతుందని తెలియదు. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి అక్షరాల మాటలకు వేసే హాష్ విలువను (మాటను ఏ గదిలో పెట్టాలో చెప్పే అంకెను) ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ కొత్త గుప్త సంఖ్యతో కలిపి లెక్కిస్తారు. కారణం మంచిదే. హాష్ విలువలు ముందే ఊహించగలిగితే, కావాలని ఒకే గదిలో పడే మాటలను వేలకొద్దీ పంపి సర్వర్‌ను కుదేలు చేయొచ్చు. దాన్ని ఆపడానికే ఈ ఏర్పాటు. పెర్ల్ భాషలో 2013లో 5.18తో ఇలాంటిదే గట్టిగా తెచ్చారు. గో భాషలో మ్యాప్ మీద లూప్ తిప్పితే వరుస కావాలనే మారుస్తారు, దాని మీద ఎవరూ ఆధారపడకూడదని. పైథాన్ డిక్షనరీ మాత్రం 3.7 నుంచి మనం వేసిన వరుసను నిలబెట్టుకుంటుంది, భాషే ఆ హామీ ఇస్తుంది. ఆ ఒక్కటి గుర్తుపెట్టుకుని సెట్ కూడా అంతే అనుకునే పిల్లలు ఎంతోమంది. నేను వాళ్లలో ఒకదాన్ని.

దిద్దడానికి ఒక్క మాట చాలింది. సెట్‌ను సార్ట్ చేసి లూప్ తిప్పాను. వరుస స్థిరపడింది. కానీ రెండ్రోజులకే అది కూడా సగం మందేనని అర్థమైంది. అక్షరక్రమంలో నంబర్లు వేస్తే, రేపు మధ్యలో కొత్త రకం ఒకటి చేరగానే దాని కింద ఉన్నవన్నీ ఒక్కో మెట్టు జరుగుతాయి. మళ్లీ అదే గొడవ. అందుకని నంబరును స్క్రిప్ట్ చేతిలోంచే తీసేశాం. ఏ రకానికి ఏ నంబరో ఆ రకం ఫైల్‌లోనే మనిషి రాస్తాడు. ఒకసారి ఇచ్చిన నంబరు మళ్లీ ఇంకో రకానికి ఇవ్వం. స్క్రిప్ట్ దాన్ని చదివి అలాగే దించుతుంది, రెండు ఫైళ్లలో ఒకే నంబరు కనిపిస్తే బిల్డ్ ఆపేస్తుంది. ఈ తేడా తరగతిలో చెప్పడానికి ఎంత బాగుంటుందో చూడండి. వరుస స్థిరంగా ఉండటం ఒకటి, అర్థం స్థిరంగా ఉండటం ఇంకొకటి.

అక్కడితో ఆగితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. ఆ పదకొండు బిల్లుల తర్వాత నాకొక పట్టుదల వచ్చింది. మేం ముగ్గురం వేరువేరు కంప్యూటర్లలో, వేరువేరు ఫోల్డర్లలో ఒకే కమిట్‌ను (గిట్‌లో దాచిన ఒకే సోర్స్‌ను) బిల్డ్ చేసి, వచ్చిన ఫైళ్ల ఎస్‌హెచ్‌ఏ-256 హాష్‌లు, అంటే ఫైళ్ల వేలిముద్రల్లాంటివి, పోల్చుకుందామన్నాను. అరవై నాలుగు అక్షరాలు. ఒక్క బిట్ తేడా ఉన్నా మొత్తం మారిపోతుంది. మొదటి రోజు ముగ్గురికీ మూడు రకాలుగా వచ్చాయి.

ఎందుకని ఒక్కొక్కటే తవ్వుకుంటూ పోయాం. మా స్క్రిప్ట్ తను రాసిన ఫైల్ మొదటి లైన్‌లో "ఫలానా రోజు ఫలానా టైముకి తయారైంది" అని గర్వంగా రాసుకునేది. ఆ లైన్ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు, ప్రతి బిల్డ్‌కీ మాత్రం తేడా వస్తుంది. తీసేశాం. జావాలో ప్రాపర్టీస్ ఫైల్ రాయించే ఫంక్షన్ మనం అడక్కపోయినా పైన తేదీ, టైము రాసేస్తుంది. దాన్ని వదిలి మా ఫైల్ మేమే రాసుకున్నాం. ఒక చోట నా యూజర్ పేరుతో సహా ఫోల్డర్ దారి మొత్తం కామెంట్‌లో పడింది. నా ఇంటి పేరు మిల్లు ప్రోగ్రాంలో ఎందుకుండాలి? ఇంకోటి, విండోస్‌లో నడిపితే లైన్ చివర రెండు అక్షరాలు, లినక్స్‌లో ఒక్కటే. జార్ ఫైల్ అంటే జిప్ ఫైలే కదా, అందులో ప్రతి ఫైల్ పక్కనా అది తయారైన టైము ఉంటుంది.

అన్నిటికన్నా మమ్మల్ని తిప్పలు పెట్టింది ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా. నా ల్యాప్‌టాప్ విండోస్. అందులోని ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ ఫైళ్ల పేర్లను ఎప్పుడూ ఒక క్రమంలోనే ఇస్తుంది. అందువల్ల నేను ఎన్నిసార్లు చూసినా సరిగ్గా ఉండేది. మా సర్వర్ లినక్స్. ఈఎక్స్‌టీ4 డిస్క్ పేర్లను తన లోపలి హాష్ వరుసలో ఇస్తుంది. ఆ వరుస ఒక్కో డిస్కులో ఒక్కోలా ఉండొచ్చు. రెండు లినక్స్ యంత్రాల మధ్య కూడా పోలిక ఉండనక్కర్లేదు. నా దగ్గర సరిగ్గానే ఉందని ఎన్నిసార్లు అన్నానో! ఆ మాటలో అబద్ధం లేదు, కానీ దానికి విలువ లేదు.

సార్ట్ చేయండి అన్నంత మాత్రాన కూడా సరిపోదు. ఏ వరుసలో? బడిలో నేర్చుకున్న వరుసలో ళ అక్షరం హ తర్వాత వస్తుంది. యూనికోడ్ సంఖ్యల వరుసలో అది ల పక్కనే, వ కన్నా ముందు ఉంటుంది. ఇంగ్లీషులోనైతే సంఖ్యల వరుసలో పెద్ద అక్షరాలన్నీ అయిపోయాకే చిన్నవి వస్తాయి. కంప్యూటర్‌కు ఏ భాష సెట్టింగ్ పెట్టారన్నదాన్ని బట్టి కొన్ని పనిముట్లు ఒకలా, కొన్ని ఇంకోలా సార్ట్ చేస్తాయి. మనిషికి చూపించే జాబితా మనిషి వరుసలో ఉండాలి. బిల్డ్‌లో వాడే వరుస మాత్రం సంఖ్యలదే, ఎక్కడైనా ఒకటే. తెలుగు పేర్లతో డేటా ఉన్న మన పిల్లలకు ఇది ఇంకా ముందుగా తగిలే సమస్య.

టైము సంగతికి లోకంలో ఇప్పటికే ఒక ఒప్పందం ఉంది. సోర్స్ డేట్ ఇపాక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు పెడతారు. మామూలుగా ఆఖరి కమిట్ టైము. బిల్డ్ పనిముట్లు గోడ గడియారం చూడకుండా దాన్నే చదువుతాయి. జీసీసీ కంపైలర్‌తో సహా ఎన్నో పనిముట్లు దాన్ని గౌరవిస్తాయి. డెబియన్ లినక్స్ వాళ్లు 2013లో ఈ పని గట్టిగా తలకెత్తుకున్నారు. వేలకొద్దీ ప్యాకేజీలను ఒక్కోదాన్నీ రెండుసార్లు బిల్డ్ చేసి, రెండోసారి గడియారం, యూజర్ పేరు, ఫోల్డర్, భాష సెట్టింగ్ కావాలనే మార్చి, తేడా ఎక్కడొస్తుందో చూశారు. ఆ తేడాను విప్పి చూపించడానికి డిఫోస్కోప్ అనే పనిముట్టు వాళ్ల దగ్గరే పుట్టింది. మాకు నాలుగు రోజుల పని తప్పించింది అదే. గో భాష వాళ్లు 2023లో 1.21 వెర్షన్‌తో తమ టూల్‌చైన్‌నే ఎవరు బిల్డ్ చేసినా బైట్ తేడా లేకుండా వచ్చేలా చేశారు. ఇవేవీ మనకు దూరపు సంగతులు కావు. అన్నీ ఉచితంగా దొరుకుతాయి, మీ ల్యాబులో ఉన్న పాత యంత్రాల మీద నడుస్తాయి.

ఇంత శ్రమ ఎందుకు, వరుస మారితే కొంపలేం మునగవు కదా అనేవాళ్లుంటారు. మా బిల్లుల సంగతి ఒక మిల్లుతో పోయింది. అసలు ప్రమాదం వేరే చోట ఉంది.

1984లో అచ్చయిన తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో, యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన కెన్ థాంప్సన్ ఒక కంపైలర్ గురించి చెప్పాడు. దాని సోర్స్‌లో ఏ దోషమూ ఉండదు. కానీ అది కంపైల్ చేసిన లాగిన్ ప్రోగ్రాంలో దొంగ తలుపు ఉంటుంది. అదే కంపైలర్‌తో కంపైలర్‌నే మళ్లీ తయారుచేస్తే ఆ దోషం కొత్తదాంట్లోకీ పాకుతుంది. సోర్స్ చదివితే కనపడదు. దాన్ని ఎన్నో ఏళ్లు క్లాసులో చెప్పుకునే కథలాగానే చూశారు. 2020 డిసెంబరులో అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ సోలార్‌విండ్స్ సంగతి బయటపడింది. దొంగలు ఆ కంపెనీ బిల్డ్ సర్వర్‌లో కూర్చున్నారు. ఓరియన్ అనే ప్రోగ్రాం బిల్డ్ మొదలవగానే ఒక సోర్స్ ఫైల్‌ను తీసి తమది పెట్టి, కంపైల్ అయిపోగానే అసలుదాన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టేవాళ్లు. సోర్స్ దాచుకునే రిపాజిటరీ శుభ్రంగా ఉంది. కంపెనీ సంతకం సరిగ్గా ఉంది. ఆ అప్‌డేట్ సుమారు 18,000 మంది కస్టమర్ల దాకా వెళ్లింది. అదే సోర్స్‌ను వేరే చోట, వేరే యంత్రం మీద మరొకరు బిల్డ్ చేసి పోల్చగలిగి ఉంటే తేడా మొదటి రోజే కనపడేది.

మూడోది మన విషయానికి ఇంకా దగ్గర. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అని ఫైళ్లను కుదించే ప్రోగ్రాం, లినక్స్ యంత్రాలు దాదాపు అన్నిటిలో ఉంటుంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు ఉందని లోకానికి చెప్పాడు. రిమోట్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అతను వెతకడం మొదలుపెట్టాడు. ఆ దొంగ కోడ్‌ను నిద్రలేపే ముక్క గిట్ రిపాజిటరీలో లేదు. విడుదలకు ఇచ్చిన టార్ ఫైల్‌లో (సోర్స్ మూటలో) మాత్రమే ఉంది, బిల్డ్‌ను సిద్ధం చేసే ఒక ఎం4 ఫైల్‌లో. విడుదల ఫైల్‌లో కాన్ఫిగర్ స్క్రిప్టు, దాని తాలూకు ఎం4 ఫైళ్లు ముందే యంత్రంతో తయారుచేసి పెట్టడం ఇలాంటి విడుదలల్లో ఎప్పటి నుంచో ఉంది. వాటికీ రిపాజిటరీకీ తేడా ఉండటం అందరికీ అలవాటే. వేల లైన్ల ఆ యంత్రపు రాతను ఎవరూ చదవరు. దొంగ సరిగ్గా అక్కడే దాక్కున్నాడు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ మాటే. తేడా మామూలే అనుకున్నచోట అసలు తేడా ఎలా కనపడుతుంది? వందసార్లు బిల్డ్ చేస్తే వందసార్లూ ఏదో ఒక లైన్ మారుతుంటే, నూటొకటోసారి మారిన లైన్‌ను ఎవరు అనుమానిస్తారు? నా స్క్రిప్ట్ రాసిన పట్టిక కూడా అలాంటిదే. నేను రాసిన సోర్స్‌కూ మిల్లులో నడిచే ప్రోగ్రాంకూ మధ్య ఒక ఫైల్ ఉంది. దాన్ని రెండేళ్లలో ఏ మనిషీ ఒక్కసారి కూడా చదవలేదు.

రైతుకు ఈ సంగతి మనం చెప్పక్కర్లేదు. అనుమానం వస్తే బండిని ఇంకో వేబ్రిడ్జి మీదికెక్కించి తూయించుకునే వస్తాడు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ఏ మిల్లుకు పోయినా 850 కిలోలే. రెండో కాటా మీద కూడా అదే తూకం వస్తేనే మొదటి కాటా మీద నమ్మకం. మన ప్రోగ్రాములకు ఆ రెండో కాటా లేదు. ఒకే సోర్స్ ఎవరు బిల్డ్ చేసినా ఒకే ఫైల్ వచ్చినప్పుడే ఆ రెండో కాటా ఉన్నట్టు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. రెండు కాటాలూ ఒకే అంకె చూపిస్తే తూకం నిజమని తెలుస్తుంది. వడ్లు మంచివో కావో తెలియదు. అలాగే బిల్డ్ ఒకేలా వచ్చినంత మాత్రాన ప్రోగ్రాం సరైనదని కాదు. మా స్క్రిప్ట్‌లో నంబర్లే తప్పుగా రాసి ఉంటే తప్పు కూడా ప్రతిసారీ ఒకేలా వచ్చేది. కానీ అప్పుడు మేం సోర్స్ చదివి దాన్ని పట్టుకోగలిగేవాళ్లం. చదివిన సోర్సే నడుస్తోందన్న భరోసా లేకపోతే చదవడమే వృథా. 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్, సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలున్నాయో జాబితా ఇవ్వాలని మార్గదర్శకాలు తెచ్చింది. మంచి పని. అయితే జాబితాలో ఉన్న సోర్స్ నుంచే ఈ ఫైల్ వచ్చిందని జాబితా రుజువు చేయదు. ఆ రుజువు మళ్లీ బిల్డ్ చేసి చూస్తేనే.

ఇక మిమ్మల్ని అడిగేది. నెల్లూరు కాలేజీలు ఎక్కువగా జేఎన్‌టీయూ అనంతపురం కింద, ప్రకాశం కాలేజీలు జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్నాయని, సిలబస్ మార్చడం మీ చేతిలో పని కాదని నాకు తెలుసు. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీల్లో కొంత వెసులుబాటు ఉంటుంది. కానీ నేనడిగేదానికి సిలబస్ మారనక్కర్లేదు.

కంపైలర్ డిజైన్ ల్యాబ్‌లో లెక్స్, యాక్ (నియమాలు ఇస్తే సీ కోడ్ రాసిపెట్టే పనిముట్లు) చేయిస్తారు. యాక్ రాసిపెట్టే సీ ఫైల్‌ను ఎవరైనా తెరిచి చదివిస్తున్నారా? మా బ్యాచ్‌లో ఎవరూ తెరవలేదు. అవుట్‌పుట్ వస్తే చాలు, రికార్డులో దించేవాళ్లం. ఈసారి ఆ ఫైల్‌ను తెరిపించండి. యాక్‌కు బదులు బైసన్ వాడితే అందులో లైన్ నంబర్లతో పాటు ఏ ఫైల్ నుంచి వచ్చిందో దారి కూడా రాస్తుంది. ఒక విద్యార్థి చేత పూర్తి దారి ఇచ్చి నడిపించి, పక్క విద్యార్థి చేత తన ఫోల్డర్ నుంచి అలాగే నడిపించి, రెండు ఫైళ్లనూ డిఫ్ చేయించండి, అంటే లైన్ లైన్‌గా పోల్చి చూపించండి. తేడా ఎక్కడుందో వాళ్లే చూస్తారు. దాన్ని ఎలా తీసేయాలో కూడా వాళ్లే కనిపెడతారు. అరగంట పని.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు వైవాలో ఇప్పుడు ఏం జరుగుతోందో మీకు నాకన్నా బాగా తెలుసు. పిల్లలు సొంత ల్యాప్‌టాప్ తెచ్చి, అందులోనే నడిపి చూపిస్తారు. ఎగ్జామినర్ స్క్రీన్ చూసి మార్కులు వేస్తాడు. ఆ ల్యాప్‌టాప్‌లో నడిచేది, బైండింగ్ చేసిచ్చిన రిపోర్టులోని కోడ్ ఒకటేనని ఎవరికి తెలుసు? నా విన్నపం ఇది. సోర్స్‌ను ముందురోజే ల్యాబ్‌లో ఒక యంత్రం మీద, ఆ బృందంలో లేని విద్యార్థి చేత బిల్డ్ చేయించండి. వచ్చిన ఫైల్ హాష్‌ను బృందం రికార్డులో రాసిన హాష్‌తో పోల్చండి. కలవకపోతే మార్కులు కోయమని అనడం లేదు. ఎందుకు కలవలేదో బృందం వైవాలో చెప్పాలి. ఆ కారణం వెతికేటప్పుడు ఒక్కరోజులో వాళ్లు నేర్చుకునేది నాకు మూడేళ్ల ఉద్యోగంలో కూడా రాలేదు.

ఆండ్రాయిడ్ యాప్‌లు చేసే బృందాలకు ఒక మాట ముందే చెప్పండి. సంతకం చేసిన ఫైల్ కలవదు, ఎవరి కీ వాళ్లదే. సంతకానికి ముందున్న ఫైల్‌నే పోల్చుకోవాలి. ఈ ఒక్కటి తెలియక మేం రెండు రోజులు తిరిగాం.

ఏఐ గురించి కూడా చెప్పాలి. మొన్న వేసవిలో మా దగ్గరకు ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన ఇద్దరు పిల్లలు, చాలా తెలివైనవాళ్లు, బిల్డ్‌లోనే ఏఐ మోడల్‌ను పిలిచి డేటాబేస్ క్వెరీల కోడ్ రాయించారు. సోమవారం ఒక కోడ్, మంగళవారం ఇంకో కోడ్. రెండూ పనిచేశాయి. ఒకదాంట్లో రద్దయిన బిల్లులు కూడా మొత్తంలో కలిశాయి, రెండోదాంట్లో కలవలేదు. వాళ్లకు చెప్పింది ఒక్కటే. ఏఐ చేత రాయించుకోండి, తప్పు లేదు. రాసినదాన్ని లైన్ లైన్‌గా చదివి, మీ కోడ్‌లాగే గిట్‌లో కమిట్ చేయండి. బిల్డ్ మాత్రం దాన్ని పిలవకూడదు. మామూలు జనరేటర్‌ను సార్ట్ చేసి, గడియారం తీసేసి దారికి తెచ్చుకోవచ్చు. ఏఐకి అదే ప్రశ్న అదే మాటల్లో వేసినా రేపు అదే జవాబు వస్తుందని భరోసా లేదు. దాని రాతను రాసినచోటే నిలబెట్టాలి.

యంత్రం రాసిన కోడ్‌ను గిట్‌లో పెట్టాలా, బిల్డ్‌లో అప్పటికప్పుడు రాయించాలా అని పెద్దవాళ్లలోనే వాదన ఉంది. నేను పెట్టాలనే అంటాను. పెట్టి, ప్రతి బిల్డ్‌లో మళ్లీ రాయించి, పెట్టినదానితో డిఫ్ చేయాలి. తేడా ఉంటే బిల్డ్ ఆగాలి. మేం ఇప్పుడు చేస్తున్నది ఇదే. మొన్న ఒక రకం ఫైల్‌లో తేమ తరుగు మార్చినప్పుడు, పట్టికలో మారిన ఒక్క లైన్ స్క్రీన్ మీద ఎర్రగా కనపడింది. ఆ లైన్‌ను ముగ్గురం చదివాకే మిల్లుకు పంపాం. ఫైల్ పెద్దదైపోతుంది, చదవడం కష్టం అనేవాళ్ల మాటా నిజమే. కానీ వరుస స్థిరంగా ఉన్నప్పుడు డిఫ్ చిన్నదిగానే ఉంటుంది. నా పాత స్క్రిప్ట్ రోజుల్లో దాన్ని గిట్‌లో పెట్టి ఉంటే ప్రతిసారీ ఫైల్ అంతా ఎర్రగా, పచ్చగా వచ్చేది.

ఆ పాత స్క్రిప్ట్‌ను నేను పారేయలేదు. పదకొండు బిల్లుల్లో ఒకదాని జిరాక్స్ కాపీ, దాని పక్కన కాటా చీటీ కూడా రైతు పేరు, బండి నంబరు కొట్టేసి దాచాను. మీలో ఎవరు పిలిచినా, ఒంగోలైనా, కావలైనా, నెల్లూరులో ఏ కాలేజీ అయినా, శనివారం పూట ల్యాబ్‌కి వచ్చి పిల్లల ముందు ఆ స్క్రిప్ట్‌ను ఐదుసార్లు నడిపిస్తాను. నాకు డబ్బులు అక్కర్లేదు, ప్రొజెక్టర్ కూడా అక్కర్లేదు. ఇద్దరు పిల్లలు, రెండు యంత్రాలు ఉంటే చాలు. ఆఖరి సంవత్సరం బృందాలు ప్రాజెక్టు టాపిక్ ఇచ్చేలోపు అయితే ఇంకా మంచిది.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థిని,
నెల్లూరు